ఎండకు విమానం రొప్పుతుంది

మే నెల... మధ్యాహ్నం మూడు గంటలు. వరంగల్‌ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీద నరమానవుడు కనిపించడు. మామునూరు పాత విమానాశ్రయం నేల పెనంలా కాలుతుంటుంది. ఉష్ణోగ్రత 43 డిగ్రీలు. సరిగ్గా ఆ వేళ ఇద్దరు కూర్చునే ఓ చిన్న విమానాన్ని అక్కడి రన్‌వే మీద నిలబెట్టి 'ఇప్పుడు నువ్వెంత ఎత్తున ఉన్నావ్‌?' అని అడిగామనుకోండి. అదేం చెబుతుందో తెలుసా? 'హార్స్‌లీ హిల్స్‌ కన్నా ఎత్తున ఉన్నా' అంటుంది!

అది అబద్ధమేం కాదు. సముద్రమట్టం నుంచి మామునూరు ఎత్తు తొమ్మిది వందల అడుగులకు అటూ ఇటూ. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌ సుమారు 4,150 అడుగులు. మనకైతే ఒకటి మైదానం, ఇంకొకటి కొండ. విమానానికి ఆ తేడా తెలియదు. దానికి తెలిసిందల్లా గాలి చిక్కదనమే. మే మధ్యాహ్నం వరంగల్‌ గాలి ఆ కొండంత ఎత్తులో విమానాల లెక్క ప్రకారం ఉండాల్సిన 'మామూలు' గాలి కన్నా పల్చగా ఉంటుంది. పోనీ కొండ మీది చల్లదనమైనా దక్కుతుందా అంటే అదీ లేదు. కొండ కష్టమూ మైదానం ఎండా రెండూ ఒకేసారి మీద పడతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. మరి ఆ ఎండలో పెట్రోలుతో నడిచే చిన్న విమానం ఇంజన్‌ సంగతేంటి? అది ఎంత వేడెక్కుతుంది? ఎంత తాగుతుంది?

లేని కొండ ఎక్కాలి

వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుందని హైస్కూల్లో చదువుకున్నదే. అంటే అదే ఘనపు మీటరులో గాలి తక్కువగా ఉంటుంది. పైలట్లు దీన్ని 'డెన్సిటీ ఆల్టిట్యూడ్‌' అని లెక్కకడతారు. తెలుగులో సాంద్రతను బట్టి ఎత్తు అనుకోవచ్చు. లెక్క పెద్ద కష్టమేం కాదు, వేళ్ల మీద వేసుకోవచ్చు.

విమానాల లెక్కలో సముద్రమట్టం దగ్గర 'మామూలు' ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. వెయ్యి అడుగులు పైకి వెళ్తే రెండు డిగ్రీల చొప్పున తగ్గుతుంది. ఆ ప్రకారం మామునూరు ఎత్తులో ఉండాల్సింది 13 డిగ్రీలు. ఉన్నది 43. అంటే ముప్ఫై డిగ్రీలు ఎక్కువ. ఎక్కువైన ప్రతి డిగ్రీకీ సుమారు 120 అడుగుల ఎత్తు కలుపుకోవాలి. ముప్ఫై డిగ్రీలకు 3,600 అడుగులు. అసలు ఎత్తు తొమ్మిది వందలు. మొత్తం నాలుగున్నర వేలు. దీనికితోడు వేసవి మధ్యాహ్నాల్లో వాయుపీడనం కూడా చలికాలం కన్నా తగ్గి ఉంటుంది. దాంతో ఇంకో రెండు మూడు వందల అడుగులు కలుస్తాయి. అదీ లేని కొండ కథ!

డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో ఇదే మామునూరులో ఉండే గాలితో పోలిస్తే, మే మధ్యాహ్నం గాలి సుమారు పది శాతం పల్చబడుతుంది. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ దెబ్బ మూడు చోట్ల తగులుతుంది. ఇంజన్‌ పీల్చుకునే గాలి తగ్గుతుంది కాబట్టి శక్తి తగ్గుతుంది. ముందున్న ప్రొపెల్లర్‌ వెనక్కి నెట్టే గాలి తగ్గుతుంది కాబట్టి లాగే బలం తగ్గుతుంది. రెక్క కింద మోసే గాలి తగ్గుతుంది కాబట్టి విమానం ఇంకాస్త వేగంగా పరిగెత్తితే తప్ప నేల వదలదు.

ప్రపంచమంతటా లక్షలమంది పైలట్లకు ఓనమాలు నేర్పిన సెస్నా 152నే తీసుకోండి. దాని నాలుగు సిలిండర్ల లైకమింగ్‌ ఇంజన్‌ శక్తి 110 హార్స్‌పవర్‌. గాలి ఇంతగా పల్చబడినప్పుడు అది 95కు పడిపోతుంది. మామూలు వాతావరణంలో నిండు బరువుతో నిమిషానికి 715 అడుగులు ఎక్కే విమానం, ఇప్పుడు ఐదొందలకు అటూ ఇటూ ఎక్కుతుంది. నేల మీద పరుగు చలికాలం ఉదయంతో పోలిస్తే పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది. దిగేటప్పుడూ అంతే. వేగం మీటరు ఎప్పటి అంకే చూపిస్తుంది కానీ, చక్రాలు నేలను తాకే అసలు వేగం ఐదు శాతం దాకా ఎక్కువ ఉంటుంది. చలికాలంలో రన్‌వే చివర చెట్ల మీదుగా హాయిగా దాటిన విమానం, మే నెలలో అవే చెట్లను ఒరుసుకుంటూ పోవచ్చు.

బాపు ఇంజన్‌... బిడ్డ ఇంజన్‌

హన్మకొండ నుంచి వెళ్లి హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్న ఓ అమ్మాయి ఉందనుకుందాం. వాళ్ల నాన్న కాజీపేట డీజిల్‌ లోకోషెడ్‌లో ఇంజన్లు విప్పి బిగించి రిటైరైన మనిషి. వేసవిలో రాత్రిపూట ఫోన్‌ చేస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎలా ఉంటుంది?

''ఏం బిడ్డా, గింత ఎండల గా చిన్న ఇంజన్‌ ఎట్ల ఆగుతది? రేడియేటర్‌ ఎంతది?''

''రేడియేటరే లేదు బాపూ!''

జీవితమంతా రేడియేటర్లు, వాటర్‌ పంపులు, ఫ్యాన్ల మధ్య గడిపిన మనిషికి ఆ జవాబు మింగుడుపడదు. కానీ నిజం అదే. రైలింజనుకు నీళ్లుంటాయి, ఆ నీళ్లను చల్లబరచడానికి పెద్ద ఫ్యాన్‌ ఉంటుంది. రైలు ఆగి ఉన్నా ఫ్యాన్‌ తిరుగుతుంది. చిన్న విమానాల్లో చాలావాటికి ఆ ఏర్పాటేమీ లేదు. నీళ్లు, పంపు, రేడియేటర్‌... అన్నీ బరువే. అందుకని పాత బుల్లెట్‌ బండి ఇంజన్‌లాగా సిలిండర్ల చుట్టూ సన్నటి లోహపు రేకులు పెట్టి వదిలేశారు. ముందు నుంచి వచ్చే గాలి ఆ రేకుల మధ్య నుంచి దూరి వేడిని తీసుకుపోవాలి. మిగిలిన వేడిలో కొంత ఇంజన్‌ ఆయిల్‌ మోసుకెళ్తుంది.

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో ప్రొపెల్లర్‌ను తిప్పేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. మిగిలిందంతా వేడే. చాలా భాగం పొగగొట్టం ద్వారా పోతుంది. తక్కింది రేకులూ ఆయిలూ బయటికి పంపాలి. వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పారాలంటే రెండింటి మధ్య తేడా ఉండాలి. అన్నం గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెడితే చల్లారినంత తొందరగా వేణ్నీళ్ల పళ్లెంలో చల్లారదు. బయటి గాలే 43 డిగ్రీలుంటే, సిలిండర్‌ తన వేడిని వదిలించుకోవడం అంత కష్టమవుతుంది. పైగా ఆ గాలి పల్చన. తీసుకెళ్లే కూలీలే తక్కువ!

ఆ ఇంజన్‌లో ఆయిల్‌ ఉష్ణోగ్రత 118 డిగ్రీల సెల్సియస్‌ దాటకూడదు. సిలిండర్‌ తల 260 డిగ్రీలు దాటకూడదు. అది గీత మాత్రమే. ఇంజన్‌ పదికాలాల పాటు మన్నాలంటే దానికి చాలా కిందనే ఉంచాలని మెకానిక్కులు చెబుతారు. చిత్రమేంటంటే చాలా 152 విమానాల్లో సిలిండర్‌ వేడిని చూపించే మీటరే ఉండదు. ఆయిల్‌ మీటరు ముల్లును చూసి లోపలి సంగతి ఊహించుకోవాల్సిందే. ఆయిల్‌ బాగా వేడెక్కితే పల్చబడి దాని ప్రెషర్‌ తగ్గుతుంది. అందుకే ఎండ ఎక్కువుండే చోట్ల చిక్కటి గ్రేడు ఆయిల్‌ పోస్తారు. ఈ మాట చెబితే మాత్రం లోకోషెడ్‌ బాపుకు వెంటనే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. అమెరికాలో చిన్న విమానాల ఇంజన్లు సరిగ్గా చల్లబడుతున్నాయో లేదో పరీక్షించడానికి దశాబ్దాల పాటు వాడిన నిబంధన, సముద్రమట్టం దగ్గర కనీసం 100 డిగ్రీల ఫారన్‌హీట్‌ ఎండను లెక్కలోకి తీసుకోమంది. అంటే 38 డిగ్రీల సెల్సియస్‌. వాళ్లకది మండుటెండ. మనకు ఏప్రిల్‌ మొదటి వారం!

పెట్రోలే చన్నీళ్లు

విమానం డ్యాష్‌బోర్డు మీద ఓ ఎర్రటి నాబ్‌ ఉంటుంది. కారులో గానీ స్కూటర్లో గానీ అలాంటిది కనిపించదు. దాని పేరు మిక్స్‌చర్‌. గాలిలో పెట్రోలు ఏ పాళ్లలో కలవాలో పైలటే చేత్తో సర్దుకునే ఏర్పాటది. పూర్తిగా లోపలికి నెడితే పెట్రోలు ఎక్కువ. బయటికి లాగుతున్నకొద్దీ తక్కువ. పూర్తిగా లాగేస్తే ఇంజన్‌ ఆగిపోతుంది.

ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండడానికి బరువులో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. కార్బురేటర్‌కు గాలి పల్చబడిన సంగతి పూర్తిగా తెలియదు. గాలి పది పాళ్లు తగ్గితే అది పెట్రోలును అయిదు పాళ్లే తగ్గిస్తుంది. మిగతా అయిదు పాళ్లు అదనం. చారులో నీళ్లు తగ్గించి చింతపండు అంతే వేసినట్టు! ఆ అదనపు పెట్రోలు సరిగ్గా మండదు. స్పార్క్‌ప్లగ్గుల మీద మసి కడుతుంది, ఇంజన్‌ దడదడలాడుతుంది, డబ్బు పొగవుతుంది.

మరైతే ఎర్ర నాబ్‌ను కాస్త బయటికి లాగేస్తే సరిపోతుంది కదా? అక్కడే ఉంది తిరకాసు. పూర్తి శక్తితో పైకెక్కుతున్నప్పుడు ఆ అదనపు పెట్రోలే ఇంజన్‌ను కాపాడుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్‌లోని వేడిని కొంత లాక్కుంటుంది. మంటను కూడా కాస్త నెమ్మదిగా సాగనిస్తుంది. ఒకరకంగా అది పెట్రోలు రూపంలో పోసే చన్నీళ్లు. ఖర్చుకు భయపడి ఆ సమయంలో నాబ్‌ లాగితే సిలిండర్‌లో పెట్రోలు వేళకు ముందే, ఒక్కసారిగా భగ్గుమనవచ్చు. దాన్నే డిటొనేషన్‌ అంటారు. పాత స్కూటర్‌ ఎత్తు ఎక్కేటప్పుడు 'టకటక' కొట్టుకోవడం గుర్తుందా? అదే శబ్దం. విమానంలో ప్రొపెల్లర్‌ హోరు మధ్య అది వినిపించదు. పిస్టన్‌కు చిల్లు పడ్డాకే తెలుస్తుంది.

కాబట్టి ఎండాకాలం పైలట్‌ చేసేది ఒకరకమైన బేరం. ఎక్కేటప్పుడు పెట్రోలు పోయినా సరే, ఇంజన్‌ చల్లగా ఉండాలి. తగినంత ఎత్తుకు చేరి, ఇంజన్‌ శక్తిని తగ్గించాక నాబ్‌ మెల్లమెల్లగా లాగుతూ ఇంజన్‌ వేగం పెరిగి తిరిగి తగ్గబోయే చోటు పట్టుకుని, కాస్త వెనక్కి నెట్టాలి. అలా సర్దుకుంటే పెట్రోలు ఆదా. మరచిపోతే గంట గంటకూ దండగ. ఎత్తయిన ప్రదేశాల్లో బయల్దేరేటప్పుడే నాబ్‌ సర్దుకోవాలని సెస్నా హ్యాండ్‌బుక్‌ చెబుతుంది. వరంగల్‌ ఎండ అసలు ఎత్తు కాదు, లేని ఎత్తు. అక్కడేం చేయాలన్నది ఆ విమానం హ్యాండ్‌బుక్‌ చదివి, పక్కనున్న శిక్షకుణ్ని అడిగి తేల్చుకోవాల్సిందే. సొంత తెలివి పనికిరాదు.

ఇంజన్‌ మరీ వేడెక్కుతుంటే ఇంకో చిట్కా ఉంది. ముక్కు కాస్త దించడం. నిటారుగా ఎక్కితే వేగం తక్కువ, లోపలికొచ్చే గాలి తక్కువ. ముక్కు దించితే వేగం పెరుగుతుంది, గాలి జోరుగా దూరుతుంది, ఆయిల్‌ ముల్లు కిందికి దిగుతుంది. ఎత్తు మాత్రం నిదానంగా వస్తుంది. ఎండలో సైకిల్‌ తొక్కేవాడు గుట్ట ఎక్కలేక చుట్టుదారి పట్టినట్టు.

పెట్రోలు ఎక్కువ తాగుతుందా?

బాపు రెండో ప్రశ్న ఇదే అయ్యుంటుంది. ''ఎండకు మన పాణం లెక్కనే గది గూడ ఎక్కువ తాగుతదా?''

జవాబు సూటిగా లేదు. గంట లెక్కన చూస్తే తాగేది పెరగదు. పూర్తి శక్తి పెట్టినా ఇంజన్‌ పీల్చే గాలే తక్కువ కాబట్టి పెట్రోలూ కొంచెం తక్కువే వెళ్తుంది. కానీ ప్రయాణం లెక్కన చూస్తే కథ మారుతుంది. ఎక్కాల్సిన ఎత్తు అంతే, ఎక్కే వేగం తక్కువ. కాబట్టి పూర్తి శక్తి పెట్టి ఎక్కువ నిమిషాలు లాగాలి. ఆ నిమిషాలన్నీ పెట్రోలు ఎక్కువ పోసే నిమిషాలే. సెస్నా హ్యాండ్‌బుక్‌లో దీనికో లెక్క ఉంది. మామూలు కన్నా ప్రతి పది డిగ్రీలకూ పైకెక్కడానికి పట్టే సమయం, ఇంధనం, దూరం పది శాతం చొప్పున పెంచుకోమంటుంది. మామునూరు మే మధ్యాహ్నం మామూలు కన్నా ముప్ఫై డిగ్రీలు ఎక్కువ. అంటే ముప్ఫై శాతం అదనం.

సమతలంగా ఎగిరేటప్పుడు సెస్నా 152 గంటకు సుమారు 22, 23 లీటర్లు తాగుతుంది. దాని ట్యాంకుల్లో పట్టేది 98 లీటర్లు. అందులో వాడుకోగలిగింది 93. నాలుగు గంటలు ఎగరొచ్చని కాగితం మీద లెక్క. కానీ ఎక్కడానికి ముప్ఫై శాతం ఎక్కువ, నాబ్‌ సర్దకపోతే ఇంకొంత ఎక్కువ, మధ్యాహ్నం ఎగుడుదిగుడు గాలుల్లో కుదుపులు తప్పించుకోవడానికి ఇంకాస్త... ఇలా ఆ నాలుగు గంటలు కరిగిపోతాయి.

అసలు ట్యాంకులో ఉన్నదే అంత కాకపోవచ్చు! వేడికి పెట్రోలూ వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున 22 డిగ్రీల చల్లదనంలో 98 లీటర్లు నిండుగా పోసి ఎండలో వదిలేశారనుకోండి. మధ్యాహ్నానికి పెట్రోలు కూడా 42 డిగ్రీలకు చేరితే రెండు లీటర్లకు పైగా ఉబ్బి, గాలి గొట్టంలోంచి నేల పాలవుతుంది. వేసవిలో బండి ట్యాంకు మూతి దాకా నింపొద్దని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. పోనీ మధ్యాహ్నమే నింపారనుకోండి. నేల పాలు కాదు కానీ, అదే లీటరులో సరుకు రెండు శాతానికి పైగా తక్కువ. ఇంజన్‌కు శక్తినిచ్చేది లీటర్లు కాదు, బరువు. అందుకే పెద్ద విమానాల్లో ఇంధనాన్ని కిలోల్లో లెక్కేస్తారు.

మరైతే ఎక్కువ పోసుకుంటే పోలా? అదీ కుదరదు. లీటరు విమానం పెట్రోలు బరువు 720 గ్రాములు. నిండు ట్యాంకు అంటే 70 కిలోలు, ఇంకో మనిషంత. అసలే రొప్పుతున్న విమానానికి ఆ బరువు భారం. సగం ట్యాంకుతో బయల్దేరితే 35 కిలోలు కలిసొస్తాయి, పరుగు తగ్గుతుంది. కానీ దారిలో దిగి పోయించుకోవాలి. ఎండాకాలం ప్రయాణమంటే ప్రతిదీ ఇలాగే. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

నేల మీదే అసలు గండం

విమానం గాల్లో ఉంటేనే ప్రమాదమనుకుంటాం. ఇంజన్‌ వేడి విషయంలో మాత్రం నేల మీద ఉన్నప్పుడే గండం. గాల్లో గంటకు నూటయాభై కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి కొడుతుంది. నేల మీద పాకేటప్పుడు ఆ గాలి ఎక్కడిది? ముందు మూడు విమానాలు వరసలో ఉన్నాయి, రన్‌వే ఖాళీ కావాలి, పది నిమిషాలు ఆగమన్నారు. కింద తారు, పైన సూర్యుడు, మధ్యలో మూతపెట్టిన ఇంజన్‌. ఆయిల్‌ ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరుగుతుంటుంది.

అందుకే వేసవిలో శిక్షకులు కొన్ని అలవాట్లు నేర్పుతారు. ఇంజన్‌ స్టార్ట్‌ చేశాక పెట్టే పరీక్షలన్నీ విమానం ముక్కును గాలివాలుకు ఎదురుగా తిప్పి చేయాలి. అవసరానికి మించి ఇంజన్‌ను ఉరకలెత్తించకూడదు. చెక్‌లిస్టు ముందే ముగించుకుని, స్టార్ట్‌ చేశాక తొందరగా కదలాలి. ఆయిల్‌ మరీ వేడెక్కితే మొహమాటం లేకుండా వెనక్కి తిరిగి ఇంజన్‌ ఆపేయాలి.

ఆపేస్తే చల్లబడుతుందా? వెంటనే కాదు. గాలి కూడా ఆగిపోయింది కాబట్టి లోపలి వేడంతా ఒక్కసారి చుట్టూ పాకుతుంది. పొయ్యి ఆర్పాక కూడా మూతపెట్టిన కుక్కర్‌ కాసేపు ఉడికిస్తూనే ఉంటుంది కదా, అలాగ. పెట్రోలు గొట్టాలు కాగి, అందులోని పెట్రోలు ఆవిరి బుడగలవుతుంది. ద్రవాన్ని తోయాల్సిన పంపు ఆ బుడగల్ని తోయలేదు. దాన్నే వేపర్‌ లాక్‌ అంటారు. మళ్లీ స్టార్ట్‌ చేద్దామంటే ఇంజన్‌ మొండికేస్తుంది. సెస్నా 152లో రెక్కలు పైనుండి పెట్రోలు దానంతట అదే కిందికి జారుతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. రెక్కలు కిందుండి, పంపు పీల్చుకోవాల్సిన విమానాల్లో ఎక్కువ.

శ్రావణంలో మంచు!

ఎండలు పోయి వానలు పడితే ఇంజన్‌ ఊపిరి పీల్చుకుంటుందనుకుంటాం. నిజమే, కానీ కార్బురేటర్‌కు అప్పుడే కొత్త కష్టం మొదలవుతుంది. దాని ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోతూ, పెట్రోలు ఆవిరవుతూ ఉన్నప్పుడు లోపలి ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఇరవై డిగ్రీలకు పైగా పడిపోగలదు. బయట 22 డిగ్రీలు, గాలినిండా తేమ. శ్రావణమాసపు ముసురు రోజు ఉంటుందే, సరిగ్గా అలా. ఆ తేమ కార్బురేటర్‌ గొంతులో మంచుగా గడ్డకట్టి ఇంజన్‌ ఊపిరి ఆపేయగలదు.

మంచు అనగానే కాశ్మీర్‌ గుర్తొస్తుంది. ఓరుగల్లు వానల్లో ఇంజన్‌ లోపల మంచు కడుతుందంటే నమ్మడం కష్టం. అందుకే అది ప్రమాదకరం. దానికి విరుగుడుగా పొగగొట్టం దగ్గర వేడెక్కిన గాలిని కార్బురేటర్‌కు అందించే నాబ్‌ ఒకటి ఉంటుంది. మే నెలంతా వేడితో యుద్ధం చేసిన పైలట్‌, జులైలో అదే వేడిని పిలిచి పీట వేయాలి!

మామునూరు మళ్లీ లేస్తోంది

ఈ లెక్కలన్నీ వరంగల్‌ వాళ్లకెందుకు అంటే... మామునూరు కథ మళ్లీ మొదలైంది కాబట్టి. నిజాం కాలంలో 1930లో ఏర్పాటైన విమానాశ్రయమిది. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చిన ఊరికి అప్పట్లో అది గర్వకారణం. తర్వాత తర్వాత విమానాలు రావడం మానేశాయి. ఎన్‌సీసీ ఎయిర్‌ వింగ్‌ క్యాడెట్ల గ్లైడర్లు, బొమ్మ విమానాల శిక్షణలతో ఆ నేల విమానం వాసన మరచిపోకుండా ఉంది. హైదరాబాద్‌ శంషాబాద్‌ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల మరొకటి కట్టకూడదన్న షరతు చాలాకాలం అడ్డుపడింది. చివరికి 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు పునరుద్ధరణకు అనుమతిచ్చింది.

ఎన్‌సీసీ దేశవ్యాప్తంగా వాడే పిపిస్ట్రెల్‌ వైరస్‌ చిన్న విమానాల సంగతి కొంచెం వేరు. వాటి రోటాక్స్‌ ఇంజన్‌కు సిలిండర్‌ తలల దగ్గర కూలెంట్‌ తిరుగుతుంది, చిన్న రేడియేటరూ ఉంటుంది. సిలిండర్‌ ఒంటికి మాత్రం గాలే గతి. బాపు వింటే 'గిప్పుడు దారికొచ్చిన్రు' అంటాడేమో!

పెద్ద విమానాలకైతే ఈ బాధ లేదనుకోకండి. 2017 జూన్‌ 20న అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీల దగ్గరకు చేరితే నలభైకి పైగా విమానాలు రద్దయ్యాయి. ఆ చిన్న జెట్లకు తయారీదారు ఇచ్చిన పట్టికలు అంతవరకే ఉన్నాయి. 2024 జులై చివర్లో లేహ్‌లోనూ ఎండ పెరిగి వరసగా విమానాలు ఆగిపోయాయి. పదివేల అడుగులకు పైనున్న ఆ ఊళ్లో 35 డిగ్రీలు దాటడమంటే గాలి మరీ పల్చన. రన్‌వే ఎంత పొడవుండాలన్నది నిర్ణయించేటప్పుడు ఆ ఊరి ఎండను కూడా లెక్కేయడం విమానాశ్రయాలు కట్టేవాళ్ల మొదటి పాఠం. మామునూరు చుట్టుపక్కల రైతుల నుంచి అదనపు భూమి అడగడం వెనక ఓరుగల్లు ఎండకూ ఓ వాటా ఉందన్నమాట.

వద్దని చెప్పే ధైర్యం

మళ్లీ హన్మకొండ అమ్మాయి దగ్గరికి వద్దాం. మనదేశంలో కమర్షియల్‌ పైలట్‌ లైసెన్స్‌ కావాలంటే 200 గంటలు ఎగరాలి. ప్రతి గంటకూ డబ్బు. అది బాపు రిటైరయ్యాక వచ్చిన మొత్తంలోంచి, బ్యాంకు అప్పులోంచి కట్టిన డబ్బు. వేసవిలో శిక్షణ విమానాలు తెల్లవారుజామున, పొద్దు వాలాక ఎక్కువగా ఎగురుతాయి. పొద్దున విమానం దొరక్కపోతే? మెకానిక్కులకు పనిపడి పదకొండింటికి గానీ ఖాళీ కాకపోతే? లాగ్‌బుక్కులో ఈ నెల గంటలు తక్కువున్నాయి. తోటివాళ్లు ముందుకెళ్లిపోయారు. ఇంటి దగ్గర అడుగుతున్నారు. ఒక్క గంటే కదా, ఎండైతే ఏం?

ఆ 'ఏం' అన్న చోటే పరీక్ష. వరసగా ఆమె ముందు ఉండే ప్రశ్నలివి. ఇప్పుడు బయట ఎన్ని డిగ్రీలు? డెన్సిటీ ఆల్టిట్యూడ్‌ ఎంత? ఈ బరువుతో పరుగు ఎంత, రన్‌వే ఎంత? చివర చెట్లో, కరెంటు తీగలో ఉన్నాయా? ట్యాంకులో కొలకర్రతో చూసిన పెట్రోలు ఎంత, ఎక్కడానికి ముప్ఫై శాతం కలిపితే మిగిలేది ఎంత? పొద్దుటి నుంచి ఎగిరిన ఇంజన్‌ ఇంకా కాగుతోందా? ఎండలో మాడిన క్యాబిన్‌లో కూర్చునే తను నీళ్లు తాగిందా, తల తిరుగుతోందా? ఇంజన్‌కు ఆయిల్‌ మీటరుంది. మనిషికి అదీ లేదు.

ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాస్తే పది నిమిషాలు పడుతుంది. జవాబు అనుకూలంగా రాకపోతే తాళం తిరిగి ఇచ్చేసి 'ఈ పూట వద్దు సర్‌' అనాలి. ఆ ఒక్క మాట అనడం 200 గంటల్లో నేర్పే అన్ని పాఠాల కన్నా కష్టం. ఎందుకంటే దానికి మార్కుల్లేవు. లాగ్‌బుక్కులో ఎగిరిన గంటలకు గడి ఉంటుంది కానీ, ఎగరకుండా తప్పించిన ప్రమాదానికి గడి ఉండదు.

ఆ రాత్రి ఫోన్లో 'ఈ రోజు ఎంతసేపు ఎగిరినవ్‌ బిడ్డా?' అని బాపు అడుగుతాడు. 'ఎగరలే బాపూ, ఎండ ఎక్కువున్నది' అంటుంది. అవతల కాసేపు మౌనం. కాగిన ఇంజన్‌ను గూడ్సుకు తగిలించి పంపనని పైవాళ్లతో వాదించిన రోజులు లోకోషెడ్‌ మనిషికి గుర్తురాకుండా ఉంటాయా?

''మంచిపని చేసినవ్‌. పొద్దుగాల్ల ఎగురు. ఇంజన్‌ యాడికి పోతది?''

పిల్లల్ని విమానం నేర్చుకోవడానికి పంపిన ఇళ్లలో ఎండాకాలం రాత్రి వినిపించాల్సిన మాట అదే. గంటలు ఎన్ని అని కాదు, ముల్లు ఎక్కడుందని అడగాలి.